ఇంట్లో పెద్ద అప్‌లోడ్ నడుస్తున్నా వీడియో కాల్ తెగకుండా రౌటర్‌ని ఎలా సెట్ చేసుకోవాలి?

మాది గుంటూరు బ్రాడీపేట. కింది వాటాలో మా బావగారి ఫొటో స్టూడియో, పై వాటాలో నేను. ఇద్దరికీ ఒకటే ఫైబర్ కనెక్షన్. ఆయన పెళ్లి వీడియో అప్‌లోడ్ పెట్టారంటే నా ఆఫీసు కాల్ నత్తి కొట్టేది. ప్లాన్ పెంచి డబ్బులు దండగ చేశాక గానీ తెలియలేదు, తంటా అంతా క్యూలో ఉందని.

ముందు కొలవండి. ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో రౌటర్‌కి తగిలించి 8.8.8.8కి (గూగుల్ సర్వర్ చిరునామా) పింగ్ పెట్టండి, అంటే చిన్న సందేశం వెళ్లి రావడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. ఓసారి లైను ఖాళీగా ఉన్నప్పుడు, ఓసారి పెద్ద ఫైలు అప్‌లోడ్ అవుతున్నప్పుడు. మాకు 20 మిల్లీసెకన్లు ఉన్నది కాస్తా 400 దాటింది.

మిర్చి సీజన్లో యార్డు గేటు చూశారుగా? టిక్కీల లారీలు బారులు తీరితే, చీటీ ఇచ్చిపోదామని స్కూటర్ మీద వచ్చినాయనా వాటి వెనకే నిలబడాలి. రౌటర్లోనూ అంతే. 20 ఎంబీపీఎస్ లైను మీద ఒక మెగాబైటు క్యూ పేరుకుంటే అది కరగడానికి 0.4 సెకను. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు.

దీనికి మందు ఎఫ్‌క్యూ-కోడెల్ అనే క్యూ పద్ధతి. ఒక్కో కనెక్షన్‌కి విడి వరుస పెట్టి వంతులవారీగా వదులుతుంది, కాల్ లాంటి సన్నటి వాటికి ముందు దారిస్తుంది. ఇందులోని కోడెల్ భాగాన్ని 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్‌సన్ ప్రచురించారు. ప్యాకెట్ల (డేటా ముక్కల) నిరీక్షణ 100 మిల్లీసెకన్ల పాటు 5 మిల్లీసెకన్ల కంటే కిందికి దిగకపోతే, అది ప్యాకెట్లను పడేయడం మొదలుపెడుతుంది. పంపేవైపు అది గమనించి వేగం తగ్గించుకుంటుంది. ఎఫ్‌క్యూ-కోడెల్ తర్వాతి తరం 'కేక్', 2018లో లినక్స్ కెర్నెల్లో చేరింది.

ఇక సెట్టింగ్. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ (OpenWrt, రౌటర్ల కోసం ఉచిత లినక్స్ సాఫ్ట్‌వేర్) నడిచే రౌటర్ కావాలి. కంపెనీవాళ్లిచ్చిన డబ్బాలో ఇది సాధారణంగా ఉండదు, దాని వెనక ఇంకో రౌటర్ పెట్టుకోండి. క్యూని అదుపు చేసే ఎస్‌క్యూఎమ్ (SQM) ప్యాకేజీ ఎక్కించి, వ్యాన్ (WAN, ఇంటర్నెట్ వైపు) ఇంటర్‌ఫేస్ ఎంచుకుని, క్యూ పద్ధతిగా కేక్ పెట్టండి.

అసలు కిటుకు స్పీడు అంకెలో ఉంది. కొలిచిన స్పీడులో 90 శాతమే రాయాలి, కిలోబిట్లలో. నా 20 ఎంబీపీఎస్‌కి 18000 రాశాను. పూర్తి స్పీడు రాస్తే క్యూ మళ్లీ కంపెనీ డబ్బాలోనే పేరుకుంటుంది, మన కేక్‌కి అక్కడ పెత్తనం ఉండదు. డౌన్‌లోడ్‌కీ ఇలాగే రాసి మళ్లీ పింగ్ చూడండి. ఇంకా ఎగురుతుంటే అంకెని కొద్దికొద్దిగా తగ్గించండి. స్పీడు మరీ పడిపోతే రౌటర్ ప్రాసెసర్ చాలడం లేదన్నమాట.

ఇప్పుడు మా పింగ్ 30 దాటట్లేదు. బావగారికి గంట పట్టే అప్‌లోడ్‌కి ఆరేడు నిమిషాలు ఎక్కువ పడుతోంది. ఆయనకింకా చెప్పలేదు.