అక్షరాలు పెద్దవి కావాలా? రిజల్యూషన్ జోలికి వెళ్లకండి

మా నాన్నగారి లాప్‌టాప్‌లో పేపర్ చదవబోతే ‘లక్ష్మి’లో ‘క్ష’ కింది మకారవత్తు అలికేసినట్టు కనిపించింది. అక్షరాలు మరీ చిన్నగా ఉన్నాయంటే ఎవరో రిజల్యూషన్, అంటే బొమ్మను ఎన్ని చుక్కల్లో చూపాలన్న లెక్క, తగ్గించి పెట్టారట. చాలా ఇళ్లలో జరిగేది ఇదే.

తెర అంటే చుక్కల ముగ్గే. ఆ చుక్కలే పిక్సెళ్లు. ఫుల్ హెచ్‌డీ తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం 20 లక్షల 73 వేల పైచిలుకు చుక్కలుంటాయి. వాటి లెక్క ఫ్యాక్టరీలోనే ఖరారైపోతుంది, మనం మార్చలేం. అదే తెరకు రిజల్యూషన్ 1366×768 పెట్టామనుకోండి, ఒక్కో చుక్కలో పట్టాల్సింది అడ్డంగానూ నిలువుగానూ దాదాపు 1.4 చుక్కల మీద పరుచుకోవాలి. చుక్కను ముక్కలు చేయడం కుదరదు కాబట్టి పక్కపక్క రంగులు కలిసిపోతాయి, మసక వస్తుంది. ఇంగ్లీషు అక్షరాలు ఎలాగో నెట్టుకొస్తాయి. వత్తులు, సుడులు ఉన్న మన లిపికే అసలు తంటా. పాత డబ్బా మానిటర్లలో చుక్కల లెక్క ఇంత కచ్చితంగా ఉండేది కాదు. తగ్గించే అలవాటు అక్కడిదే అయ్యుంటుంది.

విండోస్ 10, 11లో ఇలా సరిచేయండి:

1. డెస్క్‌టాప్ మీద ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి ‘డిస్‌ప్లే సెట్టింగ్స్’ తెరవండి. రెండు తెరలుంటే ముందు పైన ఉన్న బొమ్మలో మీకు కావలసిన తెర మీద నొక్కాలి.

2. ‘డిస్‌ప్లే రిజల్యూషన్’ దగ్గర, పక్కన ‘రికమెండెడ్’ అని ఉన్నదాన్నే ఎంచుకోండి.

3. ‘కీప్ ఛేంజెస్’ నొక్కండి. పొరపాటున తెర నల్లబడినా కంగారొద్దు. ఏమీ నొక్కకుండా కూర్చుంటే 15 సెకన్లలో పాత అమరికే తిరిగొస్తుంది.

4. ఇప్పుడు అసలు పని. అక్కడే ఉన్న ‘స్కేల్’ను 125 శాతమో 150 శాతమో చేయండి. చుక్కలన్నీ వాడుకుంటూనే అక్షరాలు పెద్దవవుతాయి, అంచులు పదునుగా ఉంటాయి. కొన్ని పాత ప్రోగ్రాములు మాత్రం ఒకసారి సైనౌట్ అయి మళ్లీ వస్తేగానీ దారికి రావు.

రిజల్యూషన్ జాబితాలో మీ తెర కొలతే లేదా? విండోస్ కొత్తగా వేశాక ఇలా అవుతుంటుంది. డివైస్ మేనేజర్‌లో ‘డిస్‌ప్లే అడాప్టర్స్’ కింద ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అని ఉంటే గ్రాఫిక్స్ డ్రైవర్ (తెర మీద బొమ్మను నడిపే సాఫ్ట్‌వేర్) లేనట్టే. లాప్‌టాప్ తయారీదారు సైటు నుంచి దించి వేసుకోండి.

ప్రొజెక్టర్ తగిలించగానే లాప్‌టాప్ తెర కూడా మసకబారితే, రెండింటిలోనూ ఒకే బొమ్మ చూపడానికి విండోస్ రిజల్యూషన్ తగ్గించి ఉంటుంది. విండోస్ మీట, పి కలిపి నొక్కి ‘ఎక్స్‌టెండ్’ పెడితే దేని కొలత దానిదే.

ఒక్క వెబ్ పేజీలోనే అక్షరాలు చిన్నగా ఉంటే ఇదంతా అక్కర్లేదు, కంట్రోల్ పట్టుకుని ప్లస్ నొక్కండి. మా నాన్నగారికి 150 శాతం స్కేల్ పెట్టాక కూడా ఆయన ఆ ప్లస్సే నొక్కుతున్నారు.