బెంగళూరు కబ్బన్ పార్క్‌లో తోట బొమ్మ వేద్దామా, నలుపు ట్యూబ్ ఇంట్లో పెట్టి రండి

ఇంప్రెషనిస్టుల (ఆరుబయట కూర్చుని వెలుగుని రంగుల్లో పట్టిన ఫ్రెంచి చిత్రకారులు) తోటలు చూసి ఆయిల్స్, అంటే నూనె రంగులు, మొదలుపెట్టే వాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే, నలుపు ముట్టుకోకండి. మొదట్లో నాకు నీడంటే నలుపే, నా చెట్ల కింద తారు ఒలికినట్టుండేది. ఆ చిత్రకారుల్లో మోనే లాంటివాళ్ళు నీడలో నీలం, ఊదా చూశారు, సగం కిటుకు అక్కడే ఉంది.

సామాను పెద్దగా అక్కర్లేదు. 10x12 అంగుళాల కాన్వాస్ బోర్డు, గరుకు వెంట్రుకల ఫ్లాట్ బ్రష్‌లు మూడు, వెడల్పువే కొనండి, చేతిలో సన్నది ఉంటే ఆకులు లెక్కపెడుతూ కూర్చుంటాం. తెలుపు, కాడ్మియం పసుపు, ఓకర్ (మట్టి పసుపు), అలిజరిన్ (ముదురు ఎరుపు), అల్ట్రామరిన్ (ముదురు నీలం), విరిడియన్ (నీలి ఛాయ ఆకుపచ్చ), బర్న్ట్ సియన్నా (ఎర్రమట్టి గోధుమ) చాలు. అన్నట్టు, 1841లో జాన్ రాండ్ అనే ఆయన రేకు ట్యూబ్‌కి పేటెంట్ తీసుకోబట్టి గానీ, అంతకుముందు రంగులు పంది మూత్రసంచుల్లో కట్టి దాచుకునేవాళ్ళు, అది మోసుకుంటూ తోటలకేం వెళ్తారు.

ఆదివారం పొద్దున్న ఏడున్నరకల్లా కూర్చోండి. రెండు గంటలు దాటితే నీడలు జరిగిపోతాయి, అప్పుడు కొత్త వెలుగుని వెంటాడకుండా ఆపేసి మళ్ళీ వారం అదే టైముకి రండి. మోనే గడ్డివాములు వేసినప్పుడు వెలుగు మారితే కాన్వాసే మార్చేవాడు, మనకి అన్ని బోర్డులెక్కడివి.

ముందు సియన్నాని టర్పెంటైన్‌లో పల్చగా కలిపి బోర్డంతా పూసి గుడ్డతో తుడిచేయండి, తెల్లటి బోర్డు మీద ఏ రంగు వేసినా ముదురుగానే కనిపించి మోసం చేస్తుంది. ఇప్పుడు కళ్ళు సగం మూసి చూడండి. కొమ్మలు, ఆకులు పోయి నాలుగైదు రంగు ముద్దలు మిగులుతాయి, అవే వెయ్యాలి.

ఎర్రమట్టి బాట మీద చెట్టు నీడ తీసుకోండి. అల్ట్రామరిన్‌లో కొంచెం అలిజరిన్, చిటికెడు సియన్నా, కాస్త తెలుపు, పండిన నేరేడుపండు మీద బూడిద పట్టినట్టు రావాలి. దాని మధ్యలో పడే ఎండ చుక్కలు చూశారా, ఆకుల మధ్య చిన్న సందులు ఎలా ఉన్నా చుక్కలు మాత్రం గుండ్రంగానో కోలగానో ఉంటాయి, ఎందుకంటే అవి సూర్యుడి బొమ్మలే, సందు పిన్‌హోల్ కెమెరాలా (సన్నటి రంధ్రంలోంచి బొమ్మ పడే డబ్బా) పనిచేస్తుంది. వాటికి ఓకర్, తెలుపు మందంగా తీసుకుని ఒక్కసారి అద్ది వదిలేయండి. రెండోసారి రుద్దారో, కింది ఊదాతో కలిసి బురదే.

ఆకుపచ్చ ట్యూబ్‌లోంచి నేరుగా వేస్తే ప్లాస్టిక్ తోరణం! విరిడియన్‌లో పసుపు కలిపి, చివర్లో చిటికెడు ఎరుపు తగిలించండి, దెబ్బకి దాని దూకుడు తగ్గుతుంది.

మొన్న వాకింగ్‌కొచ్చిన ఒక తాతగారు వెనకాల నిలబడి "ఏమ్మా, ఇది చెట్టా, మేఘమా?" అన్నారు. "పది అడుగులు వెనక్కెళ్ళి చూడండి తాతగారూ" అన్నా. వెళ్ళి చూసి, "ఆఁ, చెట్టే, కానీ దగ్గరికి రానివ్వకు ఎవర్నీ" అని నడుచుకుంటూ పోయారు.

నూనె గుడ్డలు ఉండచుట్టి బ్యాగ్‌లో పడేయొద్దు, అవిసె నూనె ఆరేటప్పుడు వేడెక్కి దానంతటదే అంటుకోగలదు, నీళ్ళలో తడిపి మూత డబ్బాలో పెట్టండి. తడి బొమ్మ ఇంటికి తేవడానికి పెద్ద పిజ్జా డబ్బా, నాలుగు మూలలా సీసా మూతలు అంటించి పైన మూత వేసేయండి. వార్నిష్ మాత్రం ఆరు నెలల తర్వాతే, మా ఇంట్లో అందాకా ఫ్రిజ్ మీదే ఉంటుంది.