తెల్లబట్ట నెల పొడవునా ఒకేలా ఉండదు: ఎలా గమనించాలంటే

తెల్లబట్ట అనగానే ఇంట్లో పెద్దవాళ్లు "వేడి చేసిందమ్మా, సబ్జా నీళ్లు తాగు" అంటారు. హైదరాబాద్ ఎండలకి సబ్జా మంచిదే, తాగండి, కానీ దానికీ దీనికీ సంబంధం లేదు. గర్భాశయ ముఖద్వారం దగ్గర తయారయ్యే ఈ జిగురు హార్మోన్లను బట్టి మారుతూ ఉంటుంది, అండం ఎప్పుడు విడుదలవుతుందో దాన్ని చూసి అంచనా వేయొచ్చు.

చేతులు కడుక్కుని, బాత్రూంలో జెట్ స్ప్రే వాడకముందే టిష్యూతో తుడిచి చూడండి, నీళ్లు తగిలాక ఏమీ తెలియదు. ఆఫీసులో కుదరకపోతే పొద్దున, రాత్రి ఇంట్లో చూసినా చాలు. వేళ్ల మధ్య పెట్టి సాగదీసి, ఎలా ఉందో ఫోన్‌లో ఒక ముక్క రాసుకోండి.

పీరియడ్స్ అయ్యాక చాలామందికి కొన్ని రోజులు పొడిగా ఉంటుంది. తర్వాత జిగటగా, ఆపైన తెల్లగా చిక్కగా వస్తుంది. అసలు కనిపెట్టాల్సింది దీని తర్వాతే. ఈస్ట్రోజన్ బాగా పెరిగినప్పుడు అది పచ్చి గుడ్డు తెల్లసొనలా పారదర్శకంగా, జారుడుగా అయి, లాగితే తెగకుండా సాగుతుంది. ఇందులో వీర్యకణాలు 5 రోజుల వరకు బతకగలవు, అండం ఆయుష్షు మాత్రం 24 గంటల లోపే, కాబట్టి పిల్లలు కావాలనుకునేవాళ్లు జారుడు మొదలైనప్పటి నుంచే కలవాలి, పీరియడ్స్ యాప్ చూపించే 14వ రోజు కోసం ఆగకూడదు (ఆ లెక్క 28 రోజుల సైకిల్ వాళ్లది). జారుడుగా ఉన్న ఆఖరి రోజే పీక్ (అంటే అండం విడుదలకి బాగా దగ్గరి రోజు), తమాషా ఏంటంటే అదే ఆఖరిదని మర్నాడు చిక్కబడ్డాకే తెలుస్తుంది. తర్వాత ప్రొజెస్టెరాన్ పనివల్ల మళ్లీ పీరియడ్స్ దాకా చిక్కగానో పొడిగానో ఉండిపోతుంది.

కలిసిన మర్నాడు వీర్యం, లూబ్రికెంట్ వల్ల తికమక అవుతుంది. కొన్ని జలుబు, అలర్జీ మాత్రలు జిగురును ఎండబెడతాయి. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగ్గా విడుదల కాని సమస్య) ఉంటే జారుడు చాలాసార్లు వచ్చిపోవచ్చు. గర్భనిరోధక మాత్రలు వేసుకునేవాళ్లకి ఈ లెక్క పనికిరాదు. ఇక గర్భం రాకుండా దీన్నొక్కదాన్నే నమ్ముకుంటానంటే, సరైన శిక్షణ లేకుండా నేనైతే వద్దనే అంటాను.

దురదతో విరిగిన పెరుగులా వచ్చినా, చేపల వాసన వేసినా, ఆకుపచ్చగా ఉన్నా, మధ్యలో రక్తం కనిపించినా గైనకాలజిస్ట్‌కి చూపించుకోండి. ప్రైవేటుకి వెళ్లలేకపోతే హైదరాబాద్‌లో కోఠి, పేట్లబురుజుల్లో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులున్నాయి. మెడికల్ షాపులో అడిగి ఏదో క్రీము తెచ్చుకోవద్దు, ఒక్కో ఇన్ఫెక్షన్‌కి మందు వేరు.