తోలు కుట్టుపని: మొదటి పనిముట్లు, మొదటి కుట్టు

కార్డుల పర్సుతో మొదలుపెట్టండి. తంగేడు చెక్క, కరక్కాయల వంటి వాటితో పదును చేసిన తోలు, 1.5 మిల్లీమీటర్ల మందం చాలు. మెత్తటి క్రోమ్ తోలు (క్రోమియం లవణాలతో పదును చేసినది) ఇప్పుడే వద్దు; కోస్తుంటే సాగుతుంది, రుద్దినా అంచు నున్నబడదు.

పదునైన కత్తి, స్టీలు స్కేలు, పళ్ల మధ్య 4 మిల్లీమీటర్ల ఎడం ఉన్న కుట్టు పంచ్ (తోలుకు వరసగా రంధ్రాలు పొడిచే పనిముట్టు), నైలాన్ సుత్తి, మొద్దు మొన సూదులు రెండు, మైనం దారం కావాలి. ఇనప సుత్తితో కొడితే పంచ్ తల చితికిపోతుంది.

అంచుకు 3 మిల్లీమీటర్లు లోపలగా గీత గీసి, దాని మీద రంధ్రాలు వేయండి. కుట్టాల్సిన గీత పొడవుకు నాలుగు రెట్లు దారం, పైన ఇంకో జానెడు. రెండు కొసలకూ చెరో సూది ఎక్కించి, ఒకే రంధ్రంలోంచి ఎదురెదురుగా దూర్చాలి. అసలు కిటుకు ఇక్కడే ఉంది: రెండో సూది దూరేటప్పుడు మొదటి దారాన్ని పక్కకు లాగి పట్టండి. లేదంటే సూది దారాన్నే చీల్చుకుపోతుంది, ఇక కుట్టు బిగియదు. ఏ సూది ముందన్న వరస మారితే కుట్లు వంకరపోతాయి. చివర మూడు కుట్లు వెనక్కి కుట్టి దారం కోసేయండి.