పైటెస్ట్ మొండికేస్తే ఎక్కడ చూడాలి

"కలెక్టెడ్ 0 ఐటమ్స్"
టెస్టులు రాశారు, పైథాన్ కోడ్ టెస్టులు నడిపే పైటెస్ట్‌కు అవి కనబడలేదు. ఫైలు పేరు టెస్ట్ అండర్‌స్కోర్‌తో మొదలవ్వాలి, లేదా అండర్‌స్కోర్ టెస్ట్‌తో ముగియాలి. ఫంక్షన్ పేరు కూడా టెస్ట్ అనే మొదలవ్వాలి. క్లాసు వాడితే దాని పేరు క్యాపిటల్ టీతో "టెస్ట్" అని మొదలవ్వాలి, లోపల ఇనిట్ మెథడ్ ఉండకూడదు. ఒక్క టెస్టూ దొరక్కపోతే ఎగ్జిట్ కోడ్ (ముగిసేటప్పుడు ఇచ్చే ఫలితం సంఖ్య) 5 వస్తుంది, సర్వర్‌లో బిల్డ్ ఆగేది అందుకే.

"మాడ్యూల్ నాట్ ఫౌండ్"
ప్రాజెక్ట్ ఫోల్డర్ పైథాన్ వెతికే దారిలో లేదు. ఆ ఫోల్డర్‌లోనే ఉండి "పైథాన్ డ్యాష్ ఎం పైటెస్ట్" అని నడపండి, అప్పుడు ఆ ఫోల్డర్ కూడా దారిలో చేరుతుంది.

విడిగా పాస్, కలిపి నడిపితే ఫెయిల్
ఒక టెస్టు ముట్టుకున్న లిస్టునో డిక్షనరీనో ఇంకోటి వాడుతోంది. దాన్ని ఫైలు పైన కాకుండా ఫిక్స్‌చర్‌లో (టెస్టుకు కావాల్సింది తయారు చేసిచ్చే ఫంక్షన్‌లో) తయారు చేయండి. స్కోప్ (అది ఎంతవరకు నిలవాలో చెప్పేది) ఏమీ ఇవ్వకపోతే ప్రతి టెస్టుకూ కొత్తది వస్తుంది. "మాడ్యూల్" అనో "సెషన్" అనో స్కోప్ ఇచ్చి ఉంటే మళ్లీ అదే తంటా.

పగలు పాస్, అర్ధరాత్రి దాటాక సర్వర్‌లో ఫెయిల్
కోడ్‌ని తిట్టే ముందు గడియారం చూడండి. బిల్డ్ సర్వర్లు ఎక్కువగా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటాయి, మనం 5:30 గంటలు ముందు. మనకు తెల్లవారుజాము 5:30 అయ్యేదాకా అక్కడ ఇంకా నిన్నే. ఆలస్య రుసుము లెక్కగట్టే ఫంక్షన్ లోపల "టుడే" అని పిలిస్తే దెబ్బ తగిలేది ఇక్కడే. "ఈరోజు"ని పారామీటర్‌గా బయటి నుంచి ఇవ్వండి. అప్పుడు గడువు 2024 ఫిబ్రవరి 28, ఈరోజు మార్చి 1 అని ఇచ్చి 2 రోజుల ఆలస్యం వస్తుందా అని అడగొచ్చు. 2023కైతే 1 రావాలి. లీపు సంవత్సరం కోసం నాలుగేళ్లు ఆగక్కర్లేదు.

మాక్ పెట్టినా నిజం మెయిల్ వెళ్తోంది
మాక్ అంటే టెస్టులో అసలు ఫంక్షన్ బదులు పెట్టే నకిలీ; అలా మార్చడమే ప్యాచ్. అందరూ ఒకసారైనా పడే గుంట ఇది. మెయిల్ ఫైలులో ఉన్న "సెండ్" ఫంక్షన్‌ని బిల్లు ఫైలు "ఫ్రమ్ మెయిల్ ఇంపోర్ట్ సెండ్" అని తెచ్చుకుంది. ఆ క్షణంలోనే బిల్లు ఫైలులో దానికి సొంత పేరు ఏర్పడింది. ఆ తర్వాత మీరు "మెయిల్ డాట్ సెండ్"ని ప్యాచ్ చేసినా బిల్లుకు తెలియదు. ప్యాచ్ చేయాల్సింది "బిల్లు డాట్ సెండ్"ని: పుట్టిన చోట కాదు, వాడే చోట.

0.1 + 0.2 అంటే 0.3 కాదంటోంది
వచ్చేది 0.30000000000000004. చిన్న తేడాను పట్టించుకోని పైటెస్ట్ వారి "అప్రాక్స్"తో పోల్చండి. డబ్బు లెక్కలైతే అదీ వద్దు, పైసల్లో పూర్ణాంకాలుగా పెట్టుకోండి.