భ్రమణ ఘనాల పరిమాణం కట్టే ముందు జాగ్రత్తలు

ఒక చదునైన ప్రాంతాన్ని ఒక రేఖ చుట్టూ తిప్పితే వచ్చే ఆకారమే భ్రమణ ఘనం. లెక్క మొదలుపెట్టే ముందు హనుమకొండ వేయిస్తంభాల గుడిని ఒకసారి తలచుకోండి. 1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ గుడిలో స్తంభాల గుండ్రని భాగాన్ని అడ్డంగా కోసినట్టు ఊహిస్తే కనిపించేది వృత్తం. అలా కోసిన సన్నటి బిళ్లలన్నిటినీ కూడటమే సమాకలనం (ఇంటిగ్రేషన్) చేసే పని.

ముందు బొమ్మ గీయండి. వంకరగా వచ్చినా సరే, బొమ్మ లేకుండా కలం కదపవద్దు.

ఏ రేఖ చుట్టూ తిప్పుతున్నారో దాని మీద గుర్తు పెట్టుకోండి. ఎక్స్ అక్షమైతే వ్యాసార్ధం వై. వై = −1 రేఖ అయితే వై + 1.

నడుమ బోలు ఉందా? అసలు ప్రమాదం ఇక్కడే. బయటి వ్యాసార్ధాన్ని, లోపలి వ్యాసార్ధాన్ని విడివిడిగా వర్గం చేసి, ఆ తర్వాతే తీసివేయాలి. వై = ఎక్స్ రేఖకూ, వై = ఎక్స్ వర్గం వక్రానికీ మధ్య 0 నుంచి 1 వరకు ఉన్న ప్రాంతాన్ని ఎక్స్ అక్షం చుట్టూ తిప్పి చూడండి. ‘పై’ని పక్కన ఉంచితే 1/3 − 1/5, అంటే 2/15. ముందే తీసివేసి వర్గం చేస్తే 1/30 వస్తుంది. అసలు జవాబులో సరిగ్గా పావు వంతు! ఎంత బాగా చదివే పిల్లలైనా ఇక్కడ జారిపడటం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

వై అక్షం చుట్టూ తిప్పమంటే గొట్టాల పద్ధతి, అంటే బిళ్లలకు బదులు ఒకదానిలో ఒకటి ఇమిడే సన్నటి గొట్టాలను కూడటం, తేలిక కావచ్చు: 2 × పై × ఎక్స్ × ఎత్తు. ఇందులో వర్గం ఉండదు, అలవాటుకొద్దీ చేర్చకండి.

అవధులు, అంటే సమాకలనం మొదలయ్యే, ముగిసే విలువలు, ఏ చలరాశివో చూసుకోండి. డీవై రాసి ఎక్స్ విలువలు వేయకూడదు.