ఇంటి వర్క్‌షాపులో పాత మిల్లింగ్ మెషీన్ – 6వ పాఠం: జిబ్ ప్లే వేరు, నట్ ప్లే వేరు

ఈ పాఠంలో స్పిండిల్ (కట్టర్‌ను తిప్పే ఇరుసు) విప్పి బేరింగుల పరిస్థితి చూడవలసి ఉంది. అయితే టేబుల్ పక్క సందును నింపే పట్టీలైన జిబ్‌ల మీద రాసిన గత పాఠం తరువాత అటు బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల నుంచి, ఇటు ఇచ్ఛాపురం, సోంపేటల నుంచి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే సంగతి చెబుతున్నాయి. జిబ్ స్క్రూలు చెప్పినట్టే బిగించారు, హ్యాండిల్ బరువెక్కింది, అయినా తిప్పే దిశ మార్చినప్పుడు పావు చుట్టు తిరిగేదాకా టేబుల్ కదలడం లేదు. ఆ పావు చుట్టును పోగొట్టాలని కొందరు జిబ్‌ను మరింత బిగించారు. గుణుపురం పాఠకుడు ఒకరు చివరకు హ్యాండిల్‌కు పైపు తొడిగి తిప్పవలసి వచ్చిందని రాశారు. దయచేసి ఆ పైపును పక్కన పెట్టి, జిబ్ స్క్రూలను వదులు చేసి, ఈ పాఠం పూర్తిగా చదివిన తరువాతే మళ్ళీ పానా పట్టుకోండి. స్పిండిల్ సంగతి వచ్చే పాఠంలో చూద్దాం.

టేబుల్ కింద డవ్‌టెయిల్‌కు (వాలు అంచుల జారుడు దారికి), శాడిల్‌కు (టేబుల్‌ను మోసే భాగానికి) మధ్య పక్కవైపున ఉండే సందును నింపేది జిబ్. టేబుల్ తన దారిలో అటూ ఇటూ ఊగకుండా, పైకి లేవకుండా పట్టి ఉంచడమే దాని పని. ఆ దారి పొడుగునా టేబుల్ ఎంత దూరం జరగాలో నిర్ణయించేది మాత్రం స్క్రూ, నట్. హ్యాండిల్ దిశ మార్చినప్పుడు కనిపించే ఖాళీ, అంటే బ్యాక్‌లాష్, ఈ రెండవ జంటకు సంబంధించినది. జిబ్‌ను ఎంత బిగించినా అది ఒక్క మైక్రాను కూడా తగ్గదు. తలుపు బందు బిగుసుకుపోయింది కనుక గడియ సరిగ్గా పడుతుందని ఎవరూ అనుకోరు. ఇక్కడ జరుగుతున్నది సరిగ్గా ఆ పొరపాటే. పైగా జిబ్ అతిగా బిగిస్తే నష్టం కూడా ఉంది. రాపిడి పెరిగిన కొద్దీ ఆ భారమంతా నట్ మరల మీద పడుతుంది, గన్‌మెటల్ (కంచు రకం) నట్ త్వరగా అరుగుతుంది, టేబుల్ నున్నగా జరగక ఆగి ఆగి ఎగురుతుంది. ఐ.టి.ఐ.లో చదివిన వారు కూడా ఇక్కడ తడబడడం చూసి నాకు బాధ కలిగింది కనుక ఈ ఒక్క విషయాన్ని విడమరిచి చెబుతున్నాను.

ముందుగా లెక్క చూద్దాం. మీ స్క్రూ పిచ్, అంటే ఒక చుట్టుకు జరిగే దూరం, 5 మి.మీ. అయితే పావు చుట్టు అంటే 1.25 మి.మీ. ట్రెపిజాయిడల్ (వాలు అంచుల పన్ను ఉన్న) మరలో సగం ఎత్తు దగ్గర పన్ను మందం పిచ్‌లో సగం, అంటే 2.5 మి.మీ. ఆ 1.25 మి.మీ. అంతా నట్ అరుగుదలే అయితే మర పన్నులో సగం పోయినట్టు లెక్క. అంతగా అరిగిన నట్ లేకపోలేదు గాని, అరుదు. కనుక పావు చుట్టు ఖాళీ కనిపించగానే నట్ మార్చడానికి పరుగెత్తకండి. ఆ ఖాళీ నాలుగు చోట్ల పంచుకుని ఉండవచ్చు. హ్యాండిల్‌ను షాఫ్ట్‌కు పట్టి ఉంచే కీ లేదా పిన్ వదులు కావడం మొదటిది, స్క్రూ చివరన బ్రాకెట్‌లో ఉండి స్క్రూ ముందుకు వెనక్కి జరగకుండా ఆపే థ్రస్ట్ బేరింగ్ వదులు కావడం రెండవది, నట్‌ను శాడిల్‌కు పట్టి ఉంచే బోల్టులు వదులు కావడం మూడవది; మరల అరుగుదల చివరిది. పాత మెషీన్లలో నేను మొదట అనుమానించేది ఎప్పుడూ థ్రస్ట్ బేరింగునే.

ఏది ఎంతో విడదీసే పద్ధతి ఇది. చాలా చిన్న మెషీన్లలో పొడుగు దిశ స్క్రూ టేబుల్ చివరి బ్రాకెట్లలో కూర్చుని టేబుల్‌తో పాటే ప్రయాణిస్తుంది, నట్ మాత్రం శాడిల్‌కు బిగించి ఉంటుంది. మీది అలాంటిదే అయితే టేబుల్ లాక్‌ను గట్టిగా బిగించండి. డయల్ గేజ్ (సూక్ష్మమైన కదలికను ముల్లుతో చూపే పరికరం) మాగ్నెట్ బేస్‌ను టేబుల్ మీద నిలిపి, హ్యాండిల్ లేని వైపున స్క్రూ కొసకు గేజ్ మొన ఆనించండి. కొసన సెంటర్ రంధ్రం ఉంటే అందులో కొద్దిగా గ్రీజు పెట్టి ఒక స్టీలు గోళీ కూర్చోబెట్టి, ఆ గోళీ మీద మొన ఆనించడం మేలు, లేకపోతే రంధ్రం అంచు గేజ్‌ను తప్పుదారి పట్టిస్తుంది. ఇప్పుడు హ్యాండిల్‌ను ఒక వైపు తట్టుకునేదాకా మెల్లగా తిప్పి, గేజ్‌ను, హ్యాండిల్ డయల్‌ను సున్నా చేసి, వెనక్కి తట్టుకునేదాకా తిప్పండి. డయల్ చూపినది మొత్తం ఖాళీ. గేజ్ చూపినది స్క్రూ తన పొడుగు దిశలో కదిలిన దూరం, అంటే థ్రస్ట్ బేరింగ్ ఖాళీ. మొదటి దానిలో నుంచి రెండవ దానిని తీసివేస్తే మిగిలేది నట్ వైపు ఖాళీ. ఉదాహరణకు డయల్ 1.25, గేజ్ 0.90 చూపితే నట్ వాటా 0.35 మాత్రమే. ఈ పరీక్షకు ముందు హ్యాండిల్ మీద, షాఫ్ట్ మీద కలిసేలా ఒక గీత గీయండి. గీతలు విడిపోతే ముందు కీ సంగతి చూడాలి. అడ్డ దిశ స్క్రూకు వెనుక కొస అందదు కనుక గేజ్‌ను హ్యాండిల్ బొడ్డు ముఖం మీద ఆనించి ఇదే పరీక్ష చేయండి.

థ్రస్ట్ ఖాళీని తీసివేయడం తేలిక. బ్రాకెట్ బయట ఉన్న జంట నట్లలో లోపలిదానిని వేలితో తిప్పగలిగినంత వరకే బిగించి, దానిని పానాతో కదలకుండా పట్టుకుని బయటిదానిని బిగించండి. బంతులు గుంటలు పడి ఉంటే బేరింగ్ మార్చండి. షాఫ్ట్ 15 మి.మీ. ఉంటే సాధారణంగా 51102 నంబరు బేరింగ్, 12 మి.మీ. ఉంటే 51101 సరిపోతుంది.

నట్ చీల్చి సర్దుబాటు స్క్రూ పెట్టిన రకమైతే ఆ స్క్రూను కొద్దికొద్దిగా బిగించండి. అయితే టేబుల్‌ను మధ్యలో నిలిపి బిగించవద్దు. వైస్ ఎప్పుడూ మధ్యలోనే ఉంటుంది, పని అంతా అక్కడే జరుగుతుంది, కనుక స్క్రూ అరిగేది మధ్యలోనే. అక్కడ ఖాళీ లేకుండా చేస్తే అరగని కొసల దగ్గర నట్ పట్టేస్తుంది. కొసల దగ్గర నున్నగా తిరిగేలా సర్ది, మధ్యలో మిగిలిన ఖాళీని అంగీకరించాలి. జిబ్‌కూ ఇదే నియమం. టేబుల్ మధ్యలో ఉండగా జిబ్ బిగించినవారికే కొసల దగ్గర పైపు అవసరమైందని ఉత్తరాలు చదివితే స్పష్టంగా తెలుస్తోంది.

కొత్త నట్ చేయించక తప్పదనుకుంటే, బరంపురంలో గాని విశాఖ ఆటోనగర్‌లో గాని టర్నర్ దగ్గరకు వెళ్ళే ముందు మూడు విషయాలు తేల్చుకోండి. మర కుడిదా ఎడమదా అన్నది మొదటిది, ఎందుకంటే కొన్ని మెషీన్లలో టేబుల్ స్క్రూకు ఎడమ మర ఉంటుంది. రెండవది పిచ్ మిల్లీమీటర్లదా అంగుళాలదా అన్నది. హ్యాండిల్‌ను ఒకే దిశలో 10 చుట్లు తిప్పి టేబుల్ ఎంత జరిగిందో కొలవండి. 50 మి.మీ. వస్తే 5 మి.మీ. పిచ్, 50.8 వస్తే అంగుళానికి 5 మరలు. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం వచ్చింది 1956లో. అంతకు పూర్వపు మెషీన్లలోనూ, ఇంగ్లండు నుంచి వచ్చినవాటిలోనూ అంగుళాల స్క్రూలే ఎక్కువ. సూతుల్లో (అంగుళంలో ఎనిమిదో వంతుల్లో) కొలిచే పెద్ద మేస్త్రీలకు ఇది ఇబ్బంది కాదు గాని, డయల్ మీద ఒక గీత 0.0254 మి.మీ. అయిన మెషీన్‌లో దానిని 0.02 అనుకుని పని చేస్తే 100 గీతలకు అర మిల్లీమీటరుకు పైగా తేడా వస్తుంది. మూడవది మర కోణం: మెట్రిక్ ట్రెపిజాయిడల్‌కు 30 డిగ్రీలు, అంగుళాల ఆక్మేకు 29 డిగ్రీలు. ఈ తేడా పెద్దది కాదని చెప్పే టర్నర్‌కు పని ఇవ్వకండి.

సున్నా ఖాళీ కోసం వెంటపడడం నాకు ఇష్టం లేదు. ఇంటి వర్క్‌షాపు మెషీన్‌లో మధ్యలో 0.10 నుంచి 0.15 మి.మీ. మిగిలితే నేను అక్కడితో ఆగుతాను. ప్రతి కొలతకూ ఒకే దిశ నుంచి రావడం అలవాటు చేసుకుంటే, దాటిపోయినప్పుడు అర చుట్టు వెనక్కి వెళ్ళి మళ్ళీ ముందుకు వస్తే, ఆ ఖాళీ కొలతను చెడగొట్టదు. అది చెడగొట్టేది డౌన్ మిల్లింగ్‌నే. కట్టర్ పళ్ళు తిరిగే దిశలోనే పనిముక్కను నడిపితే, కట్టర్ టేబుల్‌ను తన వైపు గుంజుకుని ఆ ఖాళీ మేరకు ఒక్కసారిగా దూకిస్తుంది. చిన్న ఎండ్ మిల్ కట్టర్ అక్కడికక్కడే విరుగుతుంది. కనుక మీ మెషీన్ మీద అప్ మిల్లింగ్, అంటే కట్టర్ పళ్ళకు ఎదురుగా పనిముక్కను నడపడం, తప్ప మరొకటి చేయకండి.

జిబ్ సరిగ్గా ఉందని తేల్చే పరీక్ష హ్యాండిల్ బరువు కాదు. గేజ్‌ను టేబుల్ పక్క ముఖానికి ఆనించి, టేబుల్ కొసను చేతితో ముందుకు నెట్టి, వెనక్కి లాగి చూడండి. కొసల దగ్గర 0.02 నుంచి 0.04 మి.మీ. కదిలితే చాలు. వాలు జిబ్ అయితే ఒక కొస స్క్రూను వదులు చేయకుండా రెండవ కొసను బిగించవద్దు. పొడిగా ఉన్న దారుల మీద ఈ సర్దుబాటు చేస్తే నూనె పడగానే లెక్క మారుతుంది కనుక ముందే వి.జి. 68 (చిక్కదనం సంఖ్య) స్లైడ్‌వే నూనె రాయండి. గ్రీజు పూసిన వారు దానిని కిరోసిన్‌తో పూర్తిగా కడిగేయాలి, ఎందుకంటే అందులో చిక్కిన ఇనుప పొడి సానరాయిలా పని చేస్తుంది. ఇచ్ఛాపురం, గోపాల్‌పూర్‌ల వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్ళలో వానాకాలంలో పోత ఇనుము ఒక్క రాత్రిలో ఎర్రబడుతుంది. పని అయిన ప్రతిసారీ నూనె గుడ్డతో తుడవడం అక్కడ తప్పనిసరి.

ఈసారి అభ్యాసం కొంచెం ఎక్కువే. టేబుల్ ప్రయాణం మొత్తాన్ని 25 మి.మీ. చొప్పున విభజించి, ప్రతి చోట మొత్తం ఖాళీ, థ్రస్ట్ ఖాళీ, నట్ ఖాళీ, జిబ్ కదలిక అనే నాలుగు గడుల్లో కొలతలు రాయండి. ప్రతి కొలతనూ మూడుసార్లు తీసుకోండి, మూడింటి మధ్య 0.02 కన్నా ఎక్కువ తేడా ఉంటే గేజ్ స్టాండ్ వదులుగా ఉందని గ్రహించి మళ్ళీ మొదలుపెట్టండి. అడ్డ దిశకూ ఇదే చేయండి. సర్దుబాటుకు ముందు ఒక పట్టిక, తరువాత ఒక పట్టిక ఉండాలి. రెండూ చేతిలో లేనివారు స్పిండిల్‌ను ముట్టుకోవద్దు. ఉన్నవారు స్పిండిల్ టేపర్ (కట్టర్‌ను పట్టే వాలు రంధ్రం) ఆర్8 రకమో, మోర్స్ 3 రకమో చూసి, పై మూత తీసి కనిపించిన బేరింగ్ నంబరును రాసి పెట్టుకోండి. సుత్తితో కొట్టి దేనినీ బయటకు తీయకండి.